బీరువాలో ఉండాల్సిన కాగితం కంప్యూటర్లో ఉంటే...

గ్యాసు పుస్తకం ఎక్కడుందమ్మా అని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేస్తాం. ఇంటి పన్ను రసీదులు, పిల్లల టెన్తు సర్టిఫికెట్లు, మిక్సీ వారంటీ కార్డు... ఏది ఏ పట్టుచీర మడతల కింద ఉందో ఇంట్లో మనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మరి హాల్లో మూలగా బల్ల మీద, క్రోషియా గుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటరు ఉంది చూశారూ, దాని కాగితాలు ఎక్కడున్నాయో చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. 2024 శ్రావణ మాసంలో అందుకుగాను మూడు రాత్రుల నిద్ర, 7 జాకెట్ల ఆర్డర్లు సమర్పించుకున్నాను.

ఇదేదో మగవాళ్ల వ్యవహారమనో, పిల్లల వ్యవహారమనో పేజీ తిప్పెయ్యకండి. నేనూ అలా అనుకునే నష్టపోయాను. ఇంట్లో కంప్యూటరు మీద ఏదో ఒక పని చేసుకుంటూ నాలుగు రూపాయలు చూసుకునే ఆడవాళ్లు ఇప్పుడు మా వీధిలోనే నలుగురున్నాం. ఒకావిడ శుభలేఖలు, ఒకావిడ కొట్టు లెక్కలు, ఇంకొకావిడ ట్యూషన్ల ప్రశ్నపత్రాలు. నాది ఎంబ్రాయిడరీ.

మాది తెనాలి. ఇంటర్ కాగానే పెళ్లయిపోయింది. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, 2019లో గ్రూపు లోను కొంత, మావారి పి.ఎఫ్. కొంత కలిపి సింగిల్ హెడ్ ఎంబ్రాయిడరీ మిషను కొన్నాం. ముందు గదిలో మిషను, పక్కనే కంప్యూటరు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మిషను తనంతట తాను బొమ్మ గీయదు. మామిడిపిందెల అంచు గానీ, నెమలి గానీ ముందు కంప్యూటర్లో తయారు కావాలి. సూది ఎక్కడ గుచ్చాలి, ఎటు తిరగాలి, ఏ రంగు దారం ముందు రావాలి, ఇదంతా అందులో అమర్చడాన్ని మా పనిలో పంచింగ్ అంటారు. పంచింగ్ అయ్యాక డి.ఎస్.టి. అనే రకం ఫైలుగా మార్చి, పెన్ డ్రైవ్‌లో వేసి మిషనుకి పెడితే అది కుట్టుకుపోతుంది. లైసెన్సు కావలసింది ఈ పంచింగ్ చేసే సాఫ్ట్‌వేరుకి. పెన్ డ్రైవ్‌లో ఉన్న పాత డిజైన్లు కుట్టడానికి అక్కర్లేదు. ఈ తేడానే ఆ వారం నా పరువు కొంతైనా నిలబెట్టింది.

ఆ ఏడు ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతం. చేతిలో 12 జాకెట్లున్నాయి. అవి కాక ఆ తర్వాతి వారం పెళ్లి ఉన్న ఒకమ్మాయి జాకెట్టు, రెండు చేతుల మీదా వధూవరుల పేర్లు తెలుగులో రావాలి. సరిగ్గా 11వ తేదీ ఆదివారం పొద్దున్న కంప్యూటరు నల్లగా ఆగిపోయింది. బాగుచేసే కుర్రాడొచ్చి చూసి, "విండోస్ పోయిందండీ ఆంటీ, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. "నా డిజైన్లో?" అన్నాను గుండె గుభేలుమని. "డి డ్రైవ్‌లో ఉన్నాయి, వాటికేం కాదు, సి డ్రైవ్ ఒక్కటే చేస్తా" అన్నాడు. నిజమే, డిజైన్లకి ఏమీ కాలేదు. కాఫీ ఇచ్చి, డబ్బులిచ్చి పంపాను.

సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించి తెరిచేసరికి, లైసెన్సు ఫైలు కనబడటం లేదంది. అక్కడికీ నేను కంగారు పడలేదు. మా పెద్దాడు హైదరాబాదు వెళ్లేముందు, "అమ్మా, ఇది నీ లైసెన్సు ఫైలు, జాగ్రత్త" అని ఒక పెన్ డ్రైవ్‌లో కాపీ చేసి ఇచ్చాడు. దేవుడి గూట్లో కుంకుమ భరిణ పక్కనే పెట్టుకున్నాను. తెచ్చి వేశాను. ఈసారి ఫైలు కనబడింది గానీ, ఈ లైసెన్సు ఈ కంప్యూటరుకి చెల్లదంది!

నా కంప్యూటరుకే నా లైసెన్సు చెల్లకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. తర్వాత మా ఆడపడుచు కూతురు, ఆ పిల్ల కంప్యూటర్ ఇంజనీరింగు చదివింది, ఫోనులో ఓపిగ్గా విడమరిచి చెప్పింది. నాకు తెలిసినంత మటుకు మీకూ చెప్తాను.

ఆ చిన్న ఫైల్లో ఏముంటుంది?

లైసెన్సు ఫైలంటే చాలా చిన్నది, మన ఫోనులో తీసే ఒక్క ఫొటోలో వందో వంతు కూడా ఉండదు. సాధారణంగా పేరు చివర చుక్క పెట్టి ఎల్, ఐ, సి అని ఉంటుంది. కొన్నవాళ్ల పేరు, సీరియల్ నంబరు, ఎన్ని కంప్యూటర్లలో వాడుకోవచ్చు, ఏ తేదీ దాకా చెల్లుతుంది, ఏ కంప్యూటరుకి ఇచ్చారు, ఇవి అందులో రాసి ఉంటాయి. అన్నిటికంటే కింద కంపెనీవాళ్ల ముద్ర ఉంటుంది. ముద్రంటే కంటికి కనబడేది కాదు, పొడుగాటి అక్షరాల గొలుసు. పైన రాసిన దాంట్లో ఒక్క అక్షరం మారినా ముద్ర కలవదు, సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు. రిజిస్ట్రారాఫీసు దస్తావేజులో మనం సొంతంగా ఒక గజం కలుపుకుంటే చెల్లుతుందా, అలాగన్నమాట. కాబట్టి లోపల ఏముందో చూద్దామని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, పొరపాటున సేవ్ నొక్కకండి. తెరిచి చూడటంలో తప్పులేదు, మార్చడంలోనే ఉంది.

ఏ కంప్యూటరుకి ఇచ్చారన్నది కొన్ని సాఫ్ట్‌వేర్లు హార్డ్ డిస్కులో ఆ భాగానికి విండోస్ వేసే నంబరును బట్టి గుర్తుపడతాయి. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ దానికి కొత్త నంబరు పడుతుంది. ఇల్లు అదే, గోడలవే, మున్సిపాలిటీ వాళ్లొచ్చి డోరు నంబరు మార్చి పోయారు. పాత డోరు నంబరుతో ఉన్న ఉత్తరం పోస్టుమాన్ తిప్పి పంపేశాడు. నా పెన్ డ్రైవ్ కాపీ పనికిరాకపోవడానికి కారణం అదీ! కొన్ని కంపెనీలు నెట్ కనెక్షను కార్డు నంబరు పట్టుకుంటాయి. అది ఫార్మాట్ చేసినా మారదు. కానీ పుల్లలా ఉండే వైఫై ముక్క గుచ్చుకుని వాడేవాళ్లు లైసెన్సు తీసుకునే రోజున ఆ ముక్క నంబరే అందులో పడితే, ఆ ముక్క పోయిన రోజున లైసెన్సూ పోతుంది. పాత రోజుల్లో చాలా డి.టి.పి. సెంటర్లలో డాంగిల్ అని కంప్యూటరు వెనక గుచ్చే బిళ్ల ఉండేది, ఇప్పటికీ కొన్నిటికి ఉంది. అది నిజంగా తాళంచెవే. పోతే పోయినట్టే, కాపీ ఉండదు.

అందుకని, ఫార్మాట్ చెయ్యబోయే ముందు, కంప్యూటరు ఇంకా పనిచేస్తూ ఉండగానే, ఆ సాఫ్ట్‌వేరు తెరిచి లైసెన్సును కంపెనీకి తిరిగి అప్పజెప్పాలి. హెల్ప్ అన్న చోటో, లైసెన్సు అన్న చోటో చూస్తే డీయాక్టివేట్ అనో, రిలీజ్ అనో, సరెండర్ అనో, రిటర్న్ అనో ఉంటుంది. పేరు ఏదైనా పని ఒకటే. అద్దె ఇల్లు ఖాళీ చేసి తాళాలిచ్చినట్టు. అప్పుడు మళ్లీ ఏ కంప్యూటర్లోకైనా తెచ్చుకోవచ్చు. నా కంప్యూటరు అప్పటికే మూర్ఛపోయింది కనుక నాకు ఆ అవకాశం లేదనుకోండి. అలాంటప్పుడు కంపెనీవాళ్లే కొత్తది ఇవ్వాలి. ఇవ్వడానికి వాళ్లు అడిగేది మీ పెన్ డ్రైవ్ కాదు. మీరే కొన్నారని రుజువు.

అట్టపెట్టె కథ

సోమవారం పొద్దున్నే అమ్మిన డీలరుకి ఫోను చేశాను. మిషను పెట్టడానికి 2019లో వచ్చిన కుర్రాడు నా లైసెన్సును తన సొంత ఈమెయిలు మీద రిజిస్టరు చేసేశాడట. నాకప్పటికి ఈమెయిలు లేదు, "మీకెందుకు మేడం శ్రమ" అన్నాడు, నేనూ మురిసిపోయాను. ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి ఎటో వెళ్లిపోయాడు. డబ్బులు మావి, మిషను మాది, లైసెన్సు మటుకు ముక్కూమొహం గుర్తులేని ఎవరో అబ్బాయి పేరున ఉందన్నమాట! స్థలం కొని రిజిస్ట్రేషను బ్రోకరు పేరున చేయించుకున్నట్టుంది నా తెలివి.

కంపెనీకి రాస్తే సీరియల్ నంబరు, బిల్లు పంపమన్నారు. బిల్లు బీరువాలో దొరికింది. దొరికి ఏం లాభం, అది కిరాణా కొట్లో ఇచ్చే నున్నటి కాగితం. అయిదేళ్లకి అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లకాగితమయింది. ఈ బిల్లు కాగితం మీద వేడితో అచ్చేస్తారు, ఎండకీ వేడికీ కొన్నాళ్లకి మాసిపోతుంది. మీ ఫ్రిజ్ బిల్లు, గొలుసు బిల్లు అలాంటి కాగితమైతే ఇవాళే జిరాక్సు తీయించండి.

మంగళవారం మధ్యాహ్నం మళ్లీ ఆ ఫార్మాట్ కుర్రాడే వచ్చాడు. "ఎందుకండీ ఆంటీ ఈ గొడవంతా, నా దగ్గర లైసెన్సు అడగని కాపీ ఉంది, 500 ఇవ్వండి చాలు. కాకపోతే ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ ఆపెయ్యాలి" అన్నాడు. దొంగ వస్తున్నాడు, కుక్కని కట్టెయ్యండి అన్నట్టు వినబడింది నాకు. మావారు కూడా, "అందరూ అదేగా వాడేది, వ్రతం గడిచేదాకా కానీ" అన్నారు. మనసు ఊగలేదని చెప్పను. 12 జాకెట్లు కళ్ల ముందు వేలాడుతున్నాయి. కానీ శుభలేఖలు వేసే మా పక్కింటి పిన్నిగారు అంతకు ముందేడు అలాగే చేయించుకుంటే, వారం తిరక్కుండా ఆవిడ ఫైళ్లన్నిటికీ ఎవరో తాళం వేసేసి డబ్బు పంపమని తెర మీద రాశారు. ఆవిడ కష్టమంతా పోయింది. నా డి డ్రైవ్‌లో అయిదేళ్ల డిజైన్లున్నాయి. వద్దన్నాను.

చట్టం సంగతి కూడా తర్వాత తెలుసుకున్నాను. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టమే కంప్యూటరు ప్రోగ్రాములకీ వర్తిస్తుంది. అందులో 63బి సెక్షను ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే 7 రోజులకు తక్కువ కాకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేలకు తక్కువ కాకుండా 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకుండా వాడిన సందర్భాల్లో కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. ఇంట్లో కుట్టినా మనది వ్యాపారమే మరి. అదే చట్టం మనకి ఒక మేలూ చేసింది. న్యాయంగా కొనుక్కున్నవాళ్లు పోతుందేమో, పాడవుతుందేమో అన్న భయంతో ప్రోగ్రాముకి ఒక కాపీ తీసి దాచుకోవచ్చని 52వ సెక్షనులో ఉంది. కాబట్టి సాఫ్ట్‌వేరు సీడీనో, ఫైలునో విడిగా దాచుకోవడం తప్పు పని కాదు.

సరే, సీరియల్ నంబరు. బుధవారం రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే చటుక్కున గుర్తొచ్చింది, సాఫ్ట్‌వేరు వచ్చిన అట్టపెట్టె! అది గట్టిగా ఉందని సంక్రాంతికి బొమ్మల కొలువు బొమ్మలు సర్ది అటక మీద పెట్టాను. మావారు నిద్రమొహంతో స్టూలెక్కి దింపారు. కొండపల్లి ఏనుగునీ, దశావతారాలనీ నేల మీద పరిచి పెట్టెని తిరగేస్తే, అడుగున స్టిక్కరు మీద నంబరు చెక్కుచెదరకుండా ఉంది. బ్యాంకు పాసు పుస్తకంలో డీలరుకి కట్టిన చెక్కు ఎంట్రీ, ఈ స్టిక్కరు ఫొటో, నా ఆధారు, మూడూ కలిపి పంపాను. కంపెనీవాళ్లు మంచివాళ్లే, పాత ఈమెయిలు తీసేసి నా ఈమెయిలు మీద కొత్త లైసెన్సు పంపారు. అయితే అది శనివారం వచ్చింది. వ్రతం శుక్రవారం.

12 జాకెట్లలో 5 పాత డిజైన్లే కనుక పెన్ డ్రైవ్ మీద కుట్టేశాను. మిగతా 7 వెనక్కిచ్చాను, అందులో ఇద్దరు ఈ రోజుకీ మళ్లీ గుమ్మం తొక్కలేదు. పెళ్లికూతురి జాకెట్టు మాత్రం వెనక్కివ్వడానికి చేతులు రాలేదు. లైసెన్సు ఎప్పుడొస్తుందో తెలియదు, ముహూర్తం ఆగదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ నేర్పిన గొలుసుకుట్టుతో, చెక్క రింగు బిగించి, మూడు రాత్రులు కూర్చుని రెండు పేర్లూ చేత్తోనే కుట్టాను. ఆ పెళ్లికూతురి తల్లి, "మిషనుకంటే ఇదే బావుంది" అని వంద ఎక్కువిచ్చింది. నా కళ్ల మంట నాకే తెలుసు.

ఇప్పుడు నేను చేస్తున్నది

ఒక 200 పేజీల నోటుబుక్కు పెట్టాను. ఒక్కో సాఫ్ట్‌వేరుకి ఒక పేజీ. పేరు, ఎక్కడ ఎప్పుడు కొన్నాం, బిల్లు నంబరు, సీరియల్ నంబరు, ఏ ఈమెయిలు మీద ఉంది, ఆ ఈమెయిలుకి ఏ ఫోను నంబరు కలిపి ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది. ఫోను నంబరు ఎందుకంటారా? పాస్‌వర్డు మర్చిపోతే ఓటీపీ దానికే వస్తుంది. రీఛార్జి చెయ్యకుండా పడేసిన పాత సిమ్ముకి ఓటీపీ వెళ్తే ఎవరికి చెప్పుకుంటాం? చాలాకాలం వాడకపోతే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు కూడా. పాస్‌వర్డు మాత్రం ఆ పుస్తకంలో రాయలేదు, వేరే చోట ఉంది. ఎక్కడో మీకూ చెప్పను!

ఫైలు కాపీలు రెండు. ఒకటి పెన్ డ్రైవ్‌లో, ఒకటి నా ఈమెయిలుకి నేనే పంపుకున్నది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం లైసెన్సు ఫైలు గానీ, 25 అక్షరాల కీ ఫొటో గానీ పెట్టకండి. బంగారం తాకట్టు రసీదు గుళ్లో గోడకి అతికించినట్టు అవుతుంది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. లైసెన్సు ఫైలు కంప్యూటర్లో చాలాసార్లు ప్రోగ్రామ్ డేటా అనే ఫోల్డరులో ఉంటుంది. అది మామూలుగా కంటికి కనబడదు. ఫోల్డరు తెరిచి పైన వ్యూ అన్నది నొక్కి, హిడెన్ ఐటమ్స్ మీద టిక్కు పెడితే కనబడుతుంది. అక్కడే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద కూడా టిక్కు పెట్టండి. ఎందుకంటే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు ఫైలు పేరు చివర దొంగచాటుగా టి.ఎక్స్.టి. అని తోక అతుక్కుంటుంది. చూడటానికి పేరు సరిగ్గానే ఉంటుంది, సాఫ్ట్‌వేరుకి మటుకు కనబడదు. మా ఆడపడుచు కూతురు లేకపోతే కొత్త లైసెన్సుతో కూడా నేను ఇంకో రెండు రోజులు తల బాదుకునేదాన్ని.

విండోస్‌కీ లైసెన్సు ఉంటుంది. విండోస్ గుర్తున్న మీట, ఆర్ అక్షరం కలిపి నొక్కితే చిన్న డబ్బా వస్తుంది. అందులో ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత, దాని పక్కనే ఎక్స్, పి, ఆర్ కొట్టి ఎంటర్ నొక్కండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే మంచిదే. ఇంట్లో వాడే కంప్యూటరుకి ఫలానా తేదీకి అయిపోతుందని వస్తే, ఎక్కించినవాళ్లు పెద్ద ఆఫీసులకిచ్చే 180 రోజుల పద్ధతిని దొడ్డిదారిన వాడి ఉండవచ్చు. అది చూసి మావారు మొహం ఎర్రగా చేసుకున్నారు, ఎందుకంటే ఆ ఫార్మాట్ కుర్రాడు వేసింది అదే. తర్వాత అసలుది కొన్నాం.

మా తోడికోడలు సంగతి విన్నారంటే నవ్వొస్తుంది. వాళ్ల కిరాణా కొట్టు లెక్కల సాఫ్ట్‌వేరు ఒకరోజు లైసెన్సు తేదీ సరిగా లేదని మొండికేసింది. నెలవారీ జీఎస్టీ రిటర్ను 20వ తేదీలోపు వేయాలి, ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల ఫీజు. ఆవిడ ఏడుపు గొంతుతో ఫోను చేసింది. చూస్తే కంప్యూటర్లో తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. కొట్టు కట్టేటప్పుడు మెయిను ఆపేస్తారు, లోపల తేదీని కాపాడే రూపాయి బిళ్లంత సెల్లు అయిపోయింది. సి.ఆర్. 2032 అని దాని నంబరు, ఎలక్ట్రానిక్ కొట్లో అడిగితే ఇస్తారు. అది మార్చి తేదీ సరిచేస్తే సాఫ్ట్‌వేరు నోరు మూసుకుని పనిచేసింది.

అసలు లైసెన్సు ఫైలు గొడవే లేని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఉత్తరాలకీ లెక్కలకీ లిబ్రే ఆఫీస్ ఉచితం, న్యాయంగానే ఉచితం. ఎంబ్రాయిడరీకి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాముకి ఇంక్‌స్టిచ్ అనేది కలుపుకుంటే డి.ఎస్.టి. ఫైలు తయారవుతుంది. నేను నేర్చుకుంటున్నాను. పెద్ద నెమలి డిజైనుకి నాకింకా చేతకాదు గానీ, తెలుగు పేర్లు మాత్రం ఒద్దికగా వస్తున్నాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచితంగా వచ్చే భద్రతా సాయం ఆగిపోయింది. మా పాత కంప్యూటరు విండోస్ 11కి సరిపోదన్నారు, కొత్తది కొనవలసి వచ్చింది. ఈసారి కుర్రాడు వచ్చేసరికి నేను నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముందు పాతదాంట్లో ఎంబ్రాయిడరీ లైసెన్సు రిలీజ్ చేశాను, అది అయినట్టు కంపెనీ నుంచి నా ఈమెయిలుకి జాబు వచ్చాకనే పాతదాని మీద చెయ్యి వేయనిచ్చాను. కొత్తదాంట్లో సాఫ్ట్‌వేరు ఎక్కించి, నా పేరు, నా పాస్‌వర్డు కొట్టేసరికి లైసెన్సు దానంతట అదే వచ్చి కూర్చుంది. మొత్తం అరగంట. పొయ్యి మీద పప్పు కుక్కరు మూడో కూత కూసేలోపు మొదటి జాకెట్టు మిషనెక్కింది.

అట్టపెట్టె మళ్లీ అటకెక్కలేదు. స్టిక్కరున్న అడుగు ముక్క కత్తిరించి నోటుబుక్కుకి అతికించాను. దశావతారాలకి వేరే పెట్టె చూడాలి, సంక్రాంతికి ఇంకా టైముంది.